సదరు గది లేదు

ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఇది: అర్థం కాని కాగితం మీద ఎక్కడో సంతకం పెట్టి, ఆ సంతకంతో పిల్లను వీధిన పడేస్తానేమోనని. చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. అక్షరాలు బాగానే వస్తాయి. ఆఫీసు కాగితాల్లో మాత్రం ఒక్కొక్క మాటా తెలిసినట్టే ఉండి, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు ఎక్కడో జారిపోతుంది. అందుకని కరెంటు బిల్లు వచ్చినా రెండుసార్లు చదివి, మడిచి కుట్టుమిషను సొరుగులో పెట్టి, మర్నాడు మళ్లీ తీసి చదువుతుంది.

సోమవారం పొద్దున తలుపు కిందనుంచి ఆ కాగితం లోపలికి జారింది. అప్పుడామె చొక్కాలకు కాజాలు కుడుతోంది. వీధిలో అందరికీ ఆమె కాజాలమ్మాయి. ఒక్కో చొక్కాకు ఏడు కాజాలు. ఆరు నిలువు, కాలరు దగ్గరది అడ్డం. బ్లేడుతో చీలిక పెట్టి, మైనం రాసిన దారంతో అంచు చుట్టూ ముడులు వేసుకుంటూ రావాలి. మధ్యలో లేస్తే ముడి వదులవుతుంది. అందుకే నాలుగేళ్ల కూతురు కాగితం తెచ్చి ఒళ్లో పడేసినా, కాజా పూర్తయ్యేదాకా దానివంక చూడలేదు.

అది ఇంటి పన్ను నోటీసు. పోయినేడు కట్టినదానికి రెట్టింపు వేశారు. ఎందుకో కింద చిన్న అక్షరాల్లో ఉంది. వేలు పెట్టి చదివింది.

"వెనుక భాగమున రేకు కప్పు గల గది ఒకటి. ప్రత్యేక ద్వారము కలదు. నివాసి: స్త్రీ, ఒకరు. అద్దె భాగముగా పరిగణించి, సొంత నివాసపు రాయితీ రద్దు చేయడమైనది."

మళ్లీ చదివింది. ఇంట్లో ఉన్నవి ముందుగది, లోపలిగది, వంటిల్లు. స్నానాలగది పక్కన. వంటింటి తర్వాత గోడ, అంతే. ఐనా లేచి వెళ్లి చూసింది. ఏడేళ్లుగా ఉంటున్న ఇంట్లో ఒక గదిని గమనించలేదేమోనన్నట్టు, గ్యాసు బండ వెనక కూడా తొంగిచూసింది. గోడ గోడలాగే ఉంది. కింద సున్నం పెచ్చులూడిన చోట, పాప రోజూ చెవి ఆనించి కూర్చునే చోట, నూనె మరక.

"గోడమ్మమ్మ గురించి రాశారా?" అంది పాప.

"ఏ గోడమ్మమ్మ?"

"గోడలో ఉంటుంది కదా. నేను ఒకటి రెండు చెప్తే కొడుతుంది."

ఈ మాట పిల్ల ఇదివరకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆటలే అనుకుని ఊ కొట్టింది. ఇవాళ మాత్రం ఊ కొట్టలేకపోయింది. గరిట తీసి గోడమీద మూడుసార్లు కొట్టింది. ఏమీ లేదు. హమ్మయ్య అనుకుని గరిట కిందపెట్టబోయింది. అప్పుడు, చాలా తాపీగా, కూర్చున్నచోటునుంచి లేచి వచ్చినంత ఆలస్యంగా, అవతలినుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

పాప చప్పట్లు కొట్టింది. ఆమె పిల్లను ఎత్తుకుని ముందుగదిలోకి వచ్చేసింది.

మొగుడికి ఫోను చేసింది. అతను వేరే ఊళ్లో కొత్త మేడలకు లిఫ్టులు బిగిస్తాడు. లిఫ్టు గుంటలోంచి మాట్లాడితే అతని గొంతు ఎక్కడో అడుగునుంచి పైకి తేలినట్టు వస్తుంది.

"ఎలుకలు," అన్నాడు.

"ఎలుకలు మూడే కొడతాయా లెక్కపెట్టుకుని?"

"సరే, పైపులు. నోటీసు సంగతి చూడు ముందు. ఎవడో పక్కవాడిది నీకు రాసుంటాడు. వెళ్లి అప్పీలు పెట్టు."

"నేనా? నువ్వొచ్చాక పెడదాం."

"ఇల్లు నీ పేరు మీదుంటే నా సంతకం ఎవడిక్కావాలి? పదిహేను రోజుల గడువుంటుంది, తేదీ చూడు."

తేదీ చూసింది. పన్నెండు రోజుల కిందటిది.

*

పన్నుల ఆఫీసు మెట్ల కింద ఒక ముసలాయన అర్జీలు రాస్తాడు. ఆయనకు కుర్చీ ఉంది, బల్ల లేదు. ఒళ్లో పెట్టుకున్న అట్టే బల్ల. మంగళవారం ఆమె వెళ్లేసరికి కలం విదిలిస్తున్నాడు.

"ఎవరిమీద తల్లీ?"

"ఎవరిమీదా కాదండీ. మా ఇంట్లో ఎవరో ఉన్నారని రాశారు."

"ఉన్నారా?"

"లేరండీ."

"ఖాయంగా?"

ఆమె చేతిలోని నోటీసును మళ్లీ మడతపెట్టింది.

"ఇదిగో, ఇక్కడే కేసు పోతుంది," అన్నాడు అర్జీలాయన. "లేరు అంటే లేరు అనాలి. నేను నలభై ఏళ్లుగా మా ఇంట్లో ఉంటున్నానంటే మా ఆవిడే ఒప్పుకోదు. అయినా నేను ఉన్నాననే రాసుకున్నాను. కాగితం మీద ధైర్యంగా ఉండాలి."

నవ్వు రాకపోయినా నవ్వింది. ఆయన గుండ్రటి అక్షరాలతో అప్పీలు రాశాడు. ప్రతి వాక్యం పైకి చదివించుకుని, అర్థం అడిగి, అప్పుడు సంతకం చేసింది. సంతకానికి అంత సేపు పట్టేవాళ్లను చూడలేదన్నాడాయన. కాజాలు కుట్టే చేతులండీ, తొందర పనికిరాదు అంది.

లోపల గుమస్తా ఫైలు తీసి, ఇంటి ప్లాను చూపించాడు. ఆమె ఇల్లు చిన్న దీర్ఘచతురస్రం. దాని వెనక, తోకలాగా, ఇంకో బుల్లి చతురస్రం అంటించినట్టు గీసి ఉంది.

"ఇది మాది కాదండీ."

"గీసినవాడిని అడుగు, అదిగో." గుమస్తా గుమ్మం దగ్గర నిలబడ్డ సన్నటి మనిషిని పిలిచాడు. ఇళ్లు కొలిచేది అతనే. నడుముకు టేపు, చెవిలో పెన్సిలు.

"నేను కళ్లారా చూశానమ్మా," అన్నాడు కొలతలాయన. "వెనక సందులోంచి వెళ్లాను. కిటికీ ఊచల దగ్గర పెద్దావిడ కూర్చుని ఉంది. పేరడిగితే చెప్పలేదు. మంచినీళ్లు ఇస్తావా బాబూ అంది."

"ఇచ్చారా?"

"నా దగ్గరెక్కడివి? నా చేతిలో టేపుంది." తర్వాత ఎందుకో ఆ టేపు సర్దుకున్నాడు. "ఎవరిదమ్మా గది అని మీ పక్కింటావిడను అడిగాను. ఆ చిన్నింటివాళ్లదే అంది. రాసుకున్నాను."

పక్కింటివాళ్లకు బజారులో మంచాలు, పరుపులు అమ్మే పెద్ద దుకాణం ఉంది. ఆవిడను వీధంతా మంచాలక్క అంటారు.

"గురువారం మళ్లీ తనిఖీకి పంపిస్తాం," అన్నాడు గుమస్తా. "గది లేదని తేలితే రాయితీ తిరిగొస్తుంది."

ఇంటికి వచ్చేదాకా ఆమె చెవిలో ఆ ఒక్క మాటే. మంచినీళ్లు ఇస్తావా బాబూ.

*

బుధవారం పాపను ఎదురింటి పిల్లల దగ్గర ఆడుకోమని వదిలి, వెనక సందులోకి వెళ్లింది. ఏడేళ్లలో అటు వెళ్లింది లేదు. మురుగు కాలువ, దాని పక్కన మనిషి అడ్డంగా తిరిగితే గానీ పట్టని దారి. తన ఇంటి వెనకదాకా వచ్చిన మంచాలక్క పెరటి గోడ పడిపోయినచోట తడిక కట్టారు. తడిక వెనక, తన వంటింటి గోడకే వీపు ఆనించుకుని, రేకుల గది. కొత్తగా కట్టిందేం కాదు. రేకుల మీద తుప్పు ముదిరి ఉంది. తలుపుకు బయటనుంచి తాళం.

కిటికీలో ఒక చెయ్యి కనిపించింది. ఊచను పట్టుకుని లేదు, ఊరికే దానిమీద ఆనించి ఉంది. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"పాప వాళ్లమ్మవా?" అంది లోపలి గొంతు.

"మీకెలా తెలుసు?"

"నడక తెలుసు. ఎడంకాలు కొంచెం ఈడుస్తావు, పొద్దున పూట." మొహం ఊచల దగ్గరికి వచ్చింది. తెల్లజుట్టు ఎవరో కత్తెరతో పొట్టిగా, గబగబా కోసినట్టుంది. కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. "పాపకు దగ్గు తగ్గిందా? పోయిన వారం రెండురోజులు నిద్రపోలేదు."

"తగ్గిందండీ."

"లెక్కలు బాగా చెబుతోంది. పదకొండు దగ్గర ఆగిపోతుంది, అంతే. పన్నెండు నేను కొడతాను, తను చెప్పదు."

పెద్దావిడ కూర్చున్నది విప్పిన అట్టపెట్టెల మీద. ఆ అట్టలమీద పరుపుల కంపెనీ బొమ్మ, ఒక చిన్నపిల్ల పరుపుమీద ఎగురుతున్న బొమ్మ. మూలన బకెట్టు. కిటికీ గట్టుమీద బోర్లించిన ప్లాస్టిక్ గ్లాసు.

"నీళ్లు కావాలా అండీ?"

"పొద్దున ఒకసారి ఇస్తారు. ఎండలు ముదిరితే సరిపోవు." ఫిర్యాదులా చెప్పలేదు. దుకాణంలో సరుకు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

తడిక కదిలింది. మంచాలక్క.

"ఏంటి చెల్లీ, ఇటొచ్చావు? కాలువ దగ్గర జారతావే." నవ్వు మొహమే. చెయ్యి పట్టుకుని తన పెరట్లోకి నడిపించుకుపోయింది. కుర్చీ వేసింది. "మా ఆయనకు మేనత్త. మతి లేదు. తలుపు తీసి ఉంచితే రోడ్డెక్కుతుంది. రెండుసార్లు పోయింది, వెతకలేక చచ్చాం. నువ్వే చెప్పు, తాళం వెయ్యకపోతే ఏం చేస్తాం?"

"మతి బాగానే ఉన్నట్టుందక్కా."

"ఒక్కపూట చూసి అందరూ అలాగే అంటారు. ఉంచుకోమంటే మొహం చాటేస్తారు." మంచాలక్క గొంతు తగ్గించింది. "ఆ కొలతలవాడు వచ్చినరోజు నా నోటికేం వచ్చిందో నాకే తెలీదు, మీదని చెప్పేశాను. తప్పే. గది మాదని తెలిస్తే ఇల్లంతా మళ్లీ కొలుస్తారు, పైన వేసిన రెండు అంతస్తులూ బయటపడతాయి. రేపు వస్తున్నాడటగా? నీ ఇంట్లో గది లేదని చెప్పు. నిజమే కదా. నీ రాయితీ నీకొస్తుంది. మాదని మాత్రం అనకు. నేను అడిగేది అంతే."

ఆమె తల వంచుకుని వేళ్లమీద మైనం గీరుకుంటోంది.

"వానల్లో పాప ఫిట్స్‌తో కొట్టుకుంటుంటే దుకాణం వ్యాను ఎవరు తీశారు చెల్లీ? మీ ఆయన ఎక్కడున్నాడు అప్పుడు?"

ఆ మాట నిజం. ఆ రోజు మంచాలక్క చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. పాప నాలుక కరుచుకోకుండా తన వేలు పెట్టింది. ఆ వేలిమీద ఇప్పటికీ మచ్చ ఉంది. అలాంటి మనిషే ఈ తాళం వేసింది. రెండూ ఒకే చెయ్యి ఎలా చేస్తుందో ఆమెకు అంతు చిక్కలేదు.

"సరే అక్కా," అంది.

*

గురువారం పది గంటలకు కొలతలాయన వచ్చాడు. టేపు చివర పాప చేతికిచ్చి పట్టుకోమన్నాడు. ముందుగది, లోపలిగది, వంటిల్లు కొలిచాడు. వంటింటి గోడ మందం కొలవడానికి వీలులేక, పైన గూటిలో చెయ్యి పెట్టి జానలు లెక్కపెట్టాడు.

"ఇటునుంచి దారి లేదు. కిటికీ లేదు," అని తనలో తనే అనుకుని, సందువైపు వెళ్లాడు. ఆమె వెంట వెళ్లింది.

రాత్రికి రాత్రే అంతా మారిపోయి ఉంది. రేకుల గది ముందు పరుపులు, కప్పుదాకా, ప్లాస్టిక్ సంచుల్లో పేర్చి ఉన్నాయి. కిటికీ ఎక్కడుందో తెలియదు. మంచాలక్క పక్కన నిలబడి ఒక సంచికి టేపు అంటిస్తోంది.

"ఇక్కడ గది ఉండాలే," అన్నాడు కొలతలాయన.

"సరుకండీ. పాత రేకులు వాలుగా పెట్టుకున్నాం, తడవకుండా."

"ఒక వరస పక్కకు తియ్యండి."

"తీయండి. కవరు చిరిగితే ఒక్కో పరుపూ మీ ఆఫీసే కొనుక్కోవాలి."

కొలతలాయన పరుపులవంక చూశాడు. తర్వాత తన బూట్లవంక చూశాడు, కాలువ బురద. "ఇది వేరే ఇంటి ఫైలు. ఇవాళ నా పని ఈ ఫైలు," అన్నాడు ఎవరితోనో. ఆమెవైపు తిరిగాడు. "ఇది నీదా అమ్మా?"

"కాదండీ."

"ఎవరిది?"

ఎండ కళ్లలోకి పొడుస్తోంది. మంచాలక్క చెయ్యి సంచిమీదే ఉంది, కానీ టేపు చప్పుడు ఆగింది.

"నాకు తెలీదండీ."

ఇంట్లోకి తిరిగొచ్చి, కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని రాశాడు. రాసింది పైకి చదివాడు. "తనిఖీ చేయగా సదరు గది లేదు. సదరు నివాసి లేరు. మునుపటి నమోదు పొరపాటుగా గుర్తించడమైనది." పెన్ను ఇచ్చాడు. "చదువుకుని సంతకం పెట్టమ్మా."

చదివింది. జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసు కాగితం మొదటి మాటనుంచి చివరి మాటదాకా ఎక్కడా జారిపోకుండా అర్థమైంది.

వంటింట్లోంచి పాప గొంతు. "తొమ్మిది. పది. పదకొండు."

గోడ అవతల ఒక దెబ్బ. మెత్తగా, పరుపుల వెనకనుంచి వచ్చినట్టు.

"ఏంటా చప్పుడు?" అన్నాడు కొలతలాయన. అడిగాడు గానీ, తల ఎత్తలేదు.

"పిల్ల ఆడుకుంటోందండీ," అని సంతకం చేసింది.

*

ఆ సాయంత్రం ఒక్క కాజా సరిగా రాలేదు. చీలిక పొడుగైపోయింది, విప్పి మళ్లీ కుట్టింది. మొగుడికి ఫోను చేసి చెప్తే, చూశావా, వట్టి పొరపాటే అన్నాను కదా అని మెచ్చుకున్నాడు. పెద్దావిడ సంగతి చెప్పింది. లిఫ్టు గుంటలో ఎవరో సుత్తితో కొడుతున్నారు.

"వాళ్లింటి మనిషి. మనమేం చేస్తాం?" అన్నాడు చివరికి.

"ఆవిడ ఎక్కడా లేదు. నేనే రాసిచ్చాను."

శుక్రవారం పాప గోడ దగ్గర రెండుసార్లు పదకొండు దాకా లెక్కపెట్టి, మూడోసారి ఏడుస్తూ వచ్చింది. గోడమ్మమ్మ ఆట మానేసిందని. ఆమె గరిట తీసుకుని వెళ్లి తానే కొట్టింది. ఆగింది. మళ్లీ కొట్టింది. స్టవ్ మీద నీళ్లు మరిగి ఇగిరిపోయేదాకా అక్కడే నిలబడింది.

పిల్లను చంకనేసుకుని సందులోకి పోతే, తడిక స్థానంలో రేకు తలుపు బిగిస్తున్నాడు మంచాలక్క మొగుడు. నోట్లో మేకులు.

"పెద్దావిడ?"

మేకులు తీసి చేతిలో పెట్టుకున్నాడు. "ఊరు పంపించాం. చుట్టాల దగ్గరికి."

"ఎప్పుడు?"

"నిన్న."

"పరుపులు నిన్నటినుంచీ అడ్డంగానే ఉన్నాయి కదన్నా. తలుపు ఎటునుంచి తీశారు?"

అతను రేకువైపు తిరిగాడు. మేకు పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో దెబ్బకు పాప ఉలిక్కిపడుతోంది.

ఆమె ఠాణాకు వెళ్లింది. బల్ల దగ్గర కూర్చున్న పోలీసాయన, మీ ఇంటి మనిషా అని అడిగాడు. కాదంది. వాళ్లింటివాళ్లు కనబడట్లేదని చెప్పారా అన్నాడు. లేదంది. ఆవిడ అక్కడ ఉంటుందనడానికి ఏదైనా కాగితం ఉందా? ఆమె నోటీసు తీసిచ్చింది. ఆయన పన్నుల ఆఫీసుకు ఫోను చేసి కనుక్కుని తిరిగిచ్చేశాడు. "ఇది తప్పని నిన్న నువ్వే సంతకం పెట్టావటగా."

అక్కడినుంచి పన్నుల ఆఫీసుకు పోయి గుమస్తాను అడిగి, మెట్ల కింద అర్జీలాయన దగ్గరికి దిగింది. పాప నిద్రపోయి భుజంమీద బరువెక్కింది.

"మళ్లీ ఏంటి తల్లీ? గెలిచావటగా."

"అది వెనక్కి తీసుకోవచ్చా?"

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "ఏది?"

"అప్పీలు. పైఅధికారి ఇంకా సంతకం పెట్టలేదు కదా. నేను వెనక్కి తీసుకుంటే మొదట రాసిందే నిలబడుతుందా? గది ఉన్నట్టు. మనిషి ఉన్నట్టు."

"నిలబడుతుంది. రెట్టింపు పన్ను కూడా నిలబడుతుంది. నిన్న అబద్ధం చెప్పావని జరిమానా పడొచ్చు. మీ ఆయనకు తెలుసా?"

"చెప్తాను."

"ఆ గది నీది కాదని నువ్వే అంటున్నావు."

"వాళ్లది అని రాస్తే కొత్త ఫైలు కట్టాలి, ఆ ఇల్లంతా కొలవాలి, నెలలు పడుతుందన్నారు గుమస్తాగారు. ఇదైతే ఉన్న ఫైలే. నాదని రాయండి. నా గదికి వేసిన తాళం తీయమని నేను అడగొచ్చు కదా."

అర్జీలాయన చాలాసేపు కలం మూత పెట్టి తీస్తూ కూర్చున్నాడు. "పన్ను తగ్గించండని రాసీ రాసీ వేళ్లు వంకరపోయాయి," అన్నాడు. "వెయ్యండని ఎలా మొదలుపెట్టాలో తెలీడం లేదు." అయినా రాశాడు. డబ్బు తీసుకోలేదు. ఈసారి ఆమె పైకి చదివించుకోలేదు, గబుక్కున సంతకం పెట్టేసింది.

గుమస్తా దాన్ని ఫైల్లో, కొలతలాయన నివేదిక మీద పెట్టి దారం కట్టాడు. "అయ్యగారు సెలవులో ఉన్నారు. పది రోజులు. వచ్చాక రెండూ చూస్తారు."

"పది రోజులా? అక్కడ మనిషి ఉందండీ. నీళ్లు లేవు."

"ఫైల్లో ఉందో లేదో అయ్యగారు తేల్చాలి కదమ్మా," అన్నాడు గుమస్తా. కసురుకోలేదు, పాపం, కుర్చీ కూడా చూపించాడు.

ఇది శుక్రవారం మాట. ఇవాళ సోమవారం. ఆమె రోజుకు నాలుగుసార్లు సందులోకి వెళ్తోంది. రేకు తలుపు దగ్గర నిలబడి పిలుస్తోంది. మంచాలక్క వీధి గుమ్మంలోంచే, పిచ్చి నీకు పట్టిందా చెల్లీ అని అందరికీ వినబడేలా నవ్వుతోంది. వీధిలో వాళ్లు నిజమే కాబోలని తలుపులు వేసుకుంటున్నారు. అద్దె మనిషి లేదని సంతకం పెట్టి, ఉందని సంతకం పెట్టిన ఆడదాని మాట ఎవరు వింటారు? మొగుడు రేపు బయల్దేరతానన్నాడు, రావడానికి రెండు రోజులు.

మీరు చదివేవాళ్లు, ఈ మాటలు పట్టుకుని ఏ ఆఫీసుకూ వెళ్లనక్కర్లేదు. మీ వీధిలోనూ ఒక పరుపుల వరస ఉంటుంది, దాని వెనక ఒక రేకుల గది ఉంటుంది. ఒక సీసాడు నీళ్లు పట్టుకుని వెళ్లండి. అక్కడ ఎవరూ లేరని ఎవరైనా మర్యాదగా చెప్తారు. ఆ మాట విని తిరిగి రావద్దు. ఆవిడ ఉందో లేదో లోపలికి వెళ్లి చూడండి.